పద్నాలుగో గోళం గడియారం

జూన్ 9, సోమవారం

పద్నాలుగో గోళాన్ని కొట్టేశారు. సముద్రం అడుగున కూర్చుని శబ్దాలు రికార్డు చేసే మా పరికరాల్లో అదొకటి. యాత్ర నివేదికలో దాని మీద ఎర్ర గీత, పక్కన రెండు వాక్యాలు: "గడియారం నమ్మదగినది కాదు. పైకి తీసిన సమయంలో టెక్నీషియన్ తన స్థానంలో లేరు."

టెక్నీషియన్ అంటే నేనే. ఆ ఓడ మొత్తానికి ఆ ఉద్యోగం నాదొక్కదానిదే. పేరు రాయకపోవడం మర్యాద అనుకున్నట్టున్నారు.

నా స్థానంలో లేను, నిజం. నా కుడిచేతి చూపుడు వేలు కొక్కేనికీ కమ్మీకీ మధ్య నలిగింది. ఓడ డాక్టరు గదిలో ఐదు కుట్లు. "పోవే, పోయి కుట్టించుకో, నా డెక్కు మీద రక్తం కార్చకు" అని నన్ను తరిమింది దోన్ ఎలియొదోరో. ఆయన డెక్కు మేస్త్రీ. ఆ రెండు వాక్యాల కింద సంతకమూ ఆయనదే.

రెండో పేజీలో అక్టోబరు ఓడ జాబితా ఉంది. తొమ్మిది పేర్లు. యాస్నా కాట్రిలెయో లేదు. రెండుసార్లు చూశాను, తర్వాత కింద నుంచి పైకి చూశాను.


జూన్ 10

వర్షం. బ్యాటరీ పెట్టెలు నలభై తుడిచాను.


జూన్ 12, గురువారం

డాక్టర్ రెబొయెదో గదికి వెళ్ళాను. ఆయనే ఈ యాత్రకు ప్రధాన శాస్త్రవేత్త. అక్టోబరు జాబితా ఆయన చేతిలోదే. నన్ను కూర్చోమని, కూర్చునే లోపలే తెర నావైపు తిప్పాడు.

"చూడు. నెలరోజులుగా నాకు నిద్రలేదు దీనివల్ల."

తెర మీద పొరలు. సముద్రం అడుగున రాతిపెంకు, దాని కింద ఇంకా గట్టి రాయి. మన తీరానికి ఎదురుగా పెంకు ఒక కిలోమీటరు పల్చగా ఉందట. ఇంతవరకు ఎవరూ అనుకోనిది. సముద్రం అడుగునున్న ఈ పలక మన నేల కిందికి దూరుతుంది కదా, పల్చనైతే వంగే తీరు వేరు, పట్టేసే తీరు వేరు. వ్యాసం జూలై ఏడో తేదీ సోమవారం పంపుతాడు.

"పద్నాలుగు మాత్రం మామూలు మందమే చూపిస్తోంది," అన్నాడు. "పదమూడు గోళాలు ఒక మాట చెప్తున్నాయి, ఒకటి ఇంకో మాట చెప్తోంది. నువ్వైతే ఎవర్ని నమ్ముతావు?"

"ఓట్లు లెక్కపెడుతున్నామా సార్ మనం?"

ఆయన నవ్వలేదు. "ఆ ఒక్కదాని గడియారం నువ్వు చూడలేదు. గస్తోన్ చూశాడు. వాడికి అదే మొదటిసారి. నువ్వు ఉండుంటే ఈ గొడవే లేదు."

"వేలు నలిగింది సార్."

"తెలుసు. నేనేం శిక్ష వెయ్యట్లేదమ్మా. అక్టోబరులో ఇరవై గోళాలు దించాలి. డెక్కు మీద ఉండేవాళ్ళు కావాలి నాకు."

డెక్కు మీద ఉండేవాళ్ళు. నాలుగేళ్ళలో నేను లేనిది ఆ నలభై నిమిషాలు.

చదువు గురించి ఒక్క మాట అనలేదు. అనకపోయినా వినిపించింది. నేను ఏ యూనివర్సిటీ గుమ్మమూ తొక్కలేదు, మామ రేడియోల కొట్లో సోల్డరింగు నేర్చుకుని వచ్చినదాన్ని.


జూన్ 13

గస్తోన్‌ని వర్క్‌షాపులో పట్టుకున్నాను. ఉప్పు పోయేలా గోళాలకు మంచినీళ్ళు కొడుతున్నాడు. శాంతియాగో నుంచి వచ్చిన డాక్టరేటు పిల్లాడు. వానకోటు మీద ఇంకా ధర చీటీ దారం వేలాడుతోంది.

"పద్నాలుగు పైకి రాగానే ఏం చేశావు?"

"కేబుల్ పెట్టాను. గోళం సమయం, ఉపగ్రహం సమయం పక్కపక్కన వచ్చాయి. తేడా రాశాను. తర్వాత కరెంటు తీశాను."

"ముందు కరెంటు తీసి తర్వాత కేబుల్ పెట్టలేదు కదా?"

"అలా చేస్తే గడియారం సున్నా అవుతుంది కదా యాస్నా. ఆ మాత్రం తెలుసు."

"తెలిసినవాడివైతే అంకె ఎందుకు తప్పొచ్చింది?"

వాడు గొట్టం కట్టేశాడు. "ఫారంలో ఎలా అడిగారో అలాగే రాశాను."

"ఫారం చదవడానికే నిన్ను పన్నెండేళ్ళు బడికి పంపారా?"

"పద్దెనిమిది," అన్నాడు. పొగరా, అమాయకత్వమా తెలియలేదు. మళ్ళీ నీళ్ళు కొట్టడం మొదలెట్టాడు, నా బూట్లు తడిసేలా.

వాడే. కచ్చితంగా వాడే. నిరూపిస్తాను.


జూన్ 15, ఆదివారం

అమ్మ పొయ్యి మీద రొట్టె వేడిచేసి, అవకాడో నలిపి పెట్టింది. వానలో చేపపిండి ఫ్యాక్టరీ కంపు ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

"ఎందుకే నీకు ఆ సముద్రం అడుగు గోల," అంది. "దొరికేవి రాళ్ళేగా."

"ఆ రాళ్ళే కదమ్మా ఆ రోజు పడవల్ని వీధిలోకి తెచ్చింది."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, భూకంపం వెనకే సునామీ వచ్చింది. మా బడి గోడ మీద ఒక కంటైనర్ ఎక్కి కూర్చుంది. కొండ మీద నిలబడి చూశాం. అమ్మ ఇంకో రొట్టె వేసింది.

అక్టోబరు ఓడ వెళ్ళేది సరిగ్గా ఆ భూకంపం చీలిన చోటికి. వేరే ఏ ఓడ పోయినా పోనివ్వు, అది పోకూడదు నాకు.


జూన్ 16

ముడి రికార్డులు నా దగ్గరున్నాయి. డిస్కులు గోళాల్లోంచి ఊడదీసింది నేనే, ఒక నకలు ఎప్పుడూ ఉంచుకుంటాను. అడగాల్సిన పని లేదు.


జూన్ 18, బుధవారం

దారి దొరికింది. ఎవరూ చెప్పలేదు, తర్వాత చూస్తే పాత మాన్యువల్లో ఉంది. ఉండనీ. నేను నాకుగా కనిపెట్టాను.

ఓడ వెనక గాలి తుపాకులు పేలుతాయి. శబ్దం అడుగుకి దిగి, రాయిలో వంగి, లోపలి పొర వెంట పరుగెత్తి, ఎక్కడో దూరాన అడుగున కూర్చున్న గోళానికి చేరుతుంది. ఎంత దూరంలో పేలితే అంత లోతు పొరల్ని చూసి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో తెలిస్తే లోపల ఏముందో తెలుస్తుంది. అంటే అంతా గడియారం మీదే. గోళం పదమూడు రోజులు చీకట్లో, చలిలో, ఏ ఉపగ్రహమూ అందని చోట తన గడియారంతో ఒంటరిగా ఉంటుంది. పైకి వచ్చాక ఎంత తప్పిందో కొలిచి, ఆ తప్పుని రోజులవారీగా పంచి దిద్దుతాం.

కానీ ఇంకో శబ్దం కూడా ఉంది. రాయిలోకి పోకుండా నీళ్ళలోంచి నేరుగా దిగేది. ఓడ సరిగ్గా గోళం నెత్తిన ఉన్నప్పుడు అది పట్టే సమయం ఎప్పుడూ ఒకటే, ఎందుకంటే లోతు మారదు. మొదటిసారి రెండు తుపాకులు పేలలేదని, గోళాల మీదుగా ఓడ పోయే గీత మొత్తం మళ్ళీ తిరిగాం. రెండో రోజు ఒకసారి, పదకొండో రోజు ఒకసారి. గడియారం సరిగ్గా దిద్ది ఉంటే రెండు రోజులూ ఒకే సమయం రావాలి. రాకపోతే దిద్దింది తప్పు.

గస్తోన్ రాసిన అంకె తప్పని రేపు రుజువు చేస్తాను. నిజమైన అంకె నేనే తీసి పద్నాలుగుని బతికిస్తాను. రెబొయెదో ముందు పెడతాను.


జూన్ 19, గురువారం

తేడా మూడు వెయ్యో వంతుల సెకను. మూడే.

గస్తోన్ అంకె సరైనది.

ఛీ.


అదే రోజు, సాయంత్రం

అయినా మంచిదే. పద్నాలుగు గడియారం నిఖార్సైనది. నమ్మదగినది కాదని రాసింది శుద్ధ అబద్ధం. నేనున్నా లేకపోయినా తేడా పడలేదు. నాకు కావలసింది అదేగా. రెబొయెదోకి చూపించేటప్పుడు పక్కన పదమూడో గోళాన్ని కూడా పెడతాను. నా చేత్తో చదివింది. మంచి గడియారం ఎలా ఉంటుందో చూసుకుంటారు.


జూన్ 21, శనివారం

పదమూడులో పదో వంతు సెకను పైనే తేడా.

నా లెక్కలో ఎక్కడో పొరపాటు. నీళ్ళు ఒకరోజు వెచ్చగా ఉండి ఉండాలి. ప్రవాహం ఓడని పక్కకి తోసి ఉండాలి.


జూన్ 22

నీళ్ళ వెచ్చదనం అంత మారదు. పైగా పక్కనున్న పద్నాలుగుకి మారకుండా దీనికే మారదు.


జూన్ 23, సోమవారం

పన్నెండు. అదే తేడా.


జూన్ 24

పదకొండు. పది. తొమ్మిది. చాలు.


జూన్ 25, బుధవారం

మిగిలిన ఎనిమిదీ కూడా చూశాను. పద్నాలుగు ఒక్కటే సరైనది. మిగతా పదమూడూ తప్పు. అన్నీ ఒకే వైపుకి తప్పు, అందుకే ఒకదాన్నొకటి సమర్థించుకుంటున్నాయి. శబ్దాలు ఉన్నదానికంటే ముందే వచ్చినట్టు కనిపిస్తున్నాయి, అందుకే పెంకు పల్చన. రెబొయెదో కిలోమీటరు రాయిలో లేదు, గడియారాల్లో ఉంది.

ఫారాల కట్ట తీశాను. పదమూడు కాగితాల్లోనూ దోన్ ఎలియొదోరో కోడికాళ్ళ రాత. పదమూడింటిలో ప్లస్. గస్తోన్ దాంట్లో మైనస్.

అంటే రాసింది ఆయన. గుర్తు తప్పేసింది ఆయన. ఇన్నాళ్ళూ నా నెత్తిన రుద్ది కూర్చుంది కూడా ఆయనే.


జూన్ 26, గురువారం

నిన్నటి ఆఖరి పేరా కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఎంత నీచంగా రాయగలనో నాకు తెలియాలి.

ప్రతి ఫారం అడుగున రెండు గళ్ళు. "రాసినవారు" ఆయన. "చదివినవారు" యా.కా., అంటే నేను. పదమూడుసార్లు.

డెక్కు మీద గాలికి మామూలు మాట వినపడదు. కేబుల్ పట్టుకున్నవాళ్ళు కేకేస్తారు, పెన్సిల్ పట్టుకున్నవాళ్ళు అదే కేక తిరిగి వేసి రాస్తారు. నాకు మొదటి ఏడాది ఆయనే నేర్పాడు: గడియారం వెనకబడితే ప్లస్ అని కేకెయ్యాలి, అంత కలపాలి కాబట్టి. మా పాత ఫారం అడిగేది అదే, ఎంత కలపాలి అని. చలికి మా గడియారాలన్నీ వెనకబడతాయి. అందుకని నాలుగేళ్ళుగా నేను ప్లస్ తప్ప ఇంకో కేక వేసినట్టే గుర్తులేదు.

ఈసారి ఫారం జర్మన్ వాళ్ళది, గోళాలు వాళ్ళు ఇచ్చినవి కాబట్టి. దాని మీద అచ్చులో ఉంది: గోళం సమయంలోంచి ఉపగ్రహం సమయం తీసివేయగా మిగిలినది. వెనకబడితే మైనస్. మేం ప్లస్ రాశాం. కంప్యూటరు కలపాల్సింది పోయి తీసేసింది.

ఓడ బయల్దేరే ముందు ఆ ఫారం గురించి గంట సేపు క్లాసు పెట్టారు. నేను వెళ్ళలేదు. బ్యాటరీలు ఎవరు కడతారు అన్నాను. కాగితం నింపడానికి కూడా పాఠమా అన్నాను, అందరూ నవ్వేలా. గస్తోన్ వెళ్ళాడు. నోటుబుక్కు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఫారం పదమూడుసార్లు నా ముక్కు ముందే ఉంది. చదవలేదు.


జూన్ 27

పద్నాలుగు సరైనదని చూపించాలంటే పదమూడు తప్పని చూపించాలి. ఒకటి చెప్పి రెండోది దాచే వీలు లేదు, ప్రయత్నించాను.

ఏమీ అనకుండా ఊరుకుంటే వచ్చే ఏడాది ఇంకో ఓడ ఉంటుంది. నలభై నిమిషాలు లేనందుకు ఒక్క ఓడ పోతుంది, అంతే. చెబితే పదమూడుకి నేను బాధ్యురాలిని. ఇంకే ఓడా ఉండకపోవచ్చు.


జూన్ 29, ఆదివారం. సాన్ పెద్రో పండగ

వాన ఆగింది. జాలర్ల పండగ కదా, రేవులో పడవలన్నీ కాగితపు పూలతో. సాన్ పెద్రో విగ్రహాన్ని ఈసారి రోహాస్ వాళ్ళ పడవలో ఎక్కించారు, ఆ పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు అందరూ హారన్లు మోగించారు. దోన్ ఎలియొదోరో గట్టు మీద నూనెలో వేయించిన సొపాయిప్య రొట్టె తింటూ కనిపించాడు. ఆగస్టులో రిటైరవుతాడు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"వేలెలా ఉందే?"

"వంగుతోంది. మీ సంతకం ఎలా ఉంది?"

నమలడం ఆపాడు. "రెబొయెదో కాగితం పెట్టాడు. నువ్వు డెక్కు మీద లేవన్నది నిజమే కదా. ఎందుకు లేవో రాయమని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పోయేముందు గొడవెందుకని." వేళ్ళకంటిన నూనె తుడుచుకుని, "సిగ్గుమాలిన పనే," అన్నాడు.

ప్లస్ సంగతి చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, వేళ్ళతో. విగ్రహం పడవ మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

"పదమూడూనా?"

"పదమూడూ."

"ఆ ఫారం క్లాసులో నేనున్నాను," అన్నాడు మెల్లగా. "వెనక వరసలో. పాఠం చెప్పే కుర్రది కంప్యూటరులో బొమ్మలు చూపిస్తోంది, నాకు కళ్ళజోడు లేదు. ఏముందిలే, చదివేది యాస్నా, దానికి తెలుస్తుంది అనుకున్నా."

"రాసేది దోన్ ఎలియొదోరో, ఆయనకి తెలుస్తుంది అని నేననుకున్నా."

ఆయనకి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

"చెప్పేస్తావా?"

"మీ పేరు చెప్పాల్సొస్తుంది."

"చెప్పు. నన్ను ఇంటికి పంపుతారు, అంతే కదా, ఎలాగూ పంపుతున్నారు." సొపాయిప్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వే ఆలోచించుకో అమ్మడూ. నీకు ఇరవైనాలుగు. ఆ మనిషి తన కిలోమీటరుని అంత తేలిగ్గా వదలడు."

నాకు ఆయన మీద కోపం పోలేదు. పోతుందనుకుని వెళ్ళాను. సగం పోయి సగం నామీదికి తిరిగింది. అదేం సుఖంగా లేదు.


జూన్ 30, సోమవారం

గస్తోన్ కాంటీన్లో ఒక్కడే తింటున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"నీ అంకె సరైనది."

చెంచా దించాడు. "ఏ అంకె?"

"పద్నాలుగు. మైనస్. నువ్వొక్కడివే సరిగ్గా రాశావు. మేం పదమూడు తప్పు రాశాం. నేను చదివినవి."

పళ్ళెం పక్కకి జరిపాడు. "నేనే తప్పు చేశానేమోనని మానేద్దామనుకున్నాను ఈ చదువు," అన్నాడు. "రెబొయెదో సార్ అడిగితే, అయ్యుండొచ్చు సార్ అని ఒప్పేసుకున్నాను. పదమూడుకి ఎదురు నేనెవర్ని?"

"వెధవా, చేతిలో కాగితం పెట్టుకుని ఒప్పుకుంటావా?"

"నువ్వు అంత గట్టిగా అన్నావు కదా."

క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, వెధవా అని తిట్టి వచ్చాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అడిగాను. వాడు సరే అన్నాడు. కాంటీన్ మొత్తం చూసింది.


జూలై 1, మంగళవారం

రెబొయెదో తలుపు దగ్గరికి వెళ్ళాను. ఫోనులో ఉన్నాడు. రెండు వేళ్ళు చూపించాడు, రెండు నిమిషాలని. ఇరవై నిమిషాలయ్యాక బయటికొచ్చి, "పద్నాలుగు గురించేనా? అయిపోయిందమ్మా ఆ సంగతి" అని మెట్లు దిగిపోయాడు. వినేవాళ్ళకి చెప్పొచ్చు. ఇక రాస్తాను. రేపు పొద్దున అచ్చుతీసి ఆయన చేతికే ఇస్తాను, అందినట్టు సంస్థ కార్యాలయంలో నకలు మీద ముద్ర వేయించుకుంటాను. ముందు ఇక్కడ:

"మీరు పద్నాలుగో గోళాన్ని కొట్టేశారు. అది తప్పు. గోళాల్లో సరైన గడియారం అదొక్కటే. మిగతా పదమూడింటికీ గుర్తు తిరగబడింది. దీనితో పద్నాలుగు బొమ్మలు పెట్టాను. ఒక్కో దాంట్లో నీళ్ళలోంచి నేరుగా వచ్చిన శబ్దం, రెండో రోజుదీ పదకొండో రోజుదీ. చూడ్డానికి అరగంట చాలు.

పదమూడింటినీ చదివింది నేను. ఫారం మారిందని తెలుసుకోకుండా పాత అలవాటు కొద్దీ ప్లస్ అని కేకేశాను. రాసింది దోన్ ఎలియొదోరో, నా కేక విని. క్లాసుకి నేను రాలేదు. ఇది నా తప్పు, నా పేరుతోనే రాయండి, టెక్నీషియన్ అని కాదు. సరిగ్గా చదివింది గస్తోన్. ఆ పేరు కూడా రాయండి. తన స్థానంలో లేరు అన్న వాక్యం తీసేయండి. అప్పుడు నా వేలు కుట్టించుకుంటున్నాను, మేస్త్రీ పంపితే వెళ్ళాను, డాక్టరు పుస్తకంలో గంటా నిమిషమూ ఉన్నాయి.

మీ కిలోమీటరు పోతుంది. నాకూ బాధగానే ఉంది, ఎందుకంటే అది మా ఊరి ఎదురుగా ఉంది, నిజమైతే తెలుసుకోవాలనే నాకూ ఉండింది. నిజం కాదు. మామూలు మందం. మామూలు మందం అన్నది కూడా ఈ తీరంలో ఉండేవాళ్ళకి తెలియాల్సిన సంగతే.

పద్నాలుగుని తిరిగి చేర్చండి. పదమూడింటి గుర్తులు మార్చి మళ్ళీ లెక్క కట్టండి. ఆ లెక్క తేలేదాకా వ్యాసం పంపకండి. అక్టోబరు ఓడలో నాకు చోటు కావాలి. ఇవ్వనంటే పదమూడు తప్పు చదివినందుకు ఇవ్వనని రాయండి, ఒప్పుకుంటాను. నలభై నిమిషాలు లేనందుకంటే ఒప్పుకోను.

జవాబు కాగితం మీద కావాలి. శుక్రవారం, జూలై 4, సాయంత్రం ఐదు గంటల్లోపు. ఐదు దాటితే ఈ పద్నాలుగు బొమ్మలూ గోళాలు ఇచ్చిన జర్మన్ వాళ్ళకి నేనే పంపుతాను, నా పేరు మీద.

యాస్నా కాట్రిలెయో"